దసరా సెలవులకు హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ డేట్ ఇచ్చారు, మందులు మొదలుపెట్టి ఏడు నెలలే. వెళ్లొచ్చా?

లెక్కల సార్, దిల్‌సుఖ్‌నగర్:

అందరికీ నమస్తే. నాకు 31 ఏళ్లు. ఒక జూనియర్ కాలేజీలో మ్యాథ్స్ చెబుతాను. మా ఉద్యోగంలో చిక్కేమిటంటే, రోజూ నాలుగైదు గంటలు అరవై మందికి వీపు చూపిస్తూ బోర్డు మీద రాయాలి. ముందు వైపు ఎలాగోలా దువ్వి సర్దేస్తాను. వెనక సుడి దగ్గర రెండేళ్ల కింద రూపాయి బిళ్లంత ఉన్నది ఇప్పుడు పూరీ అంత అయింది. మొన్న వృత్తాలు చెబుతూ "వ్యాసార్థం పెరిగితే వైశాల్యం ఏమవుతుంది?" అని బోర్డు వైపు తిరిగే అడిగాను. వెనక బెంచీలో కిసుక్కుమన్నారు. తిరిగి చూస్తే అందరి తలలూ పుస్తకాల్లోనే ఉన్నాయి. ప్రశ్నలో తప్పు లేదు, అడిగినవాడి నెత్తి మీదే ఉంది.

సంక్రాంతి దాటాక ఒక డెర్మటాలజిస్ట్ మేడమ్‌కు చూపించుకున్నాను. తలకు చిన్న కెమెరా లాంటిది ఆనించి స్క్రీన్ మీద చూపించారు. లావు వెంట్రుక పక్కనే దారప్పోగులా సన్నటిది, దాని పక్కన ఇంకా సన్నటిది. ఈ సన్నబడినవే వరసగా పోతాయన్నారు. ఫినాస్టెరైడ్ మాత్ర రోజూ 1 మి.గ్రా., రాత్రిళ్లు తలకు పూసుకునే మినాక్సిడిల్ 5 శాతం ఒక మి.లీ. రాశారు. రెండో నెలలో ఎంత రాలిందంటే, దిండుకున్న తెల్ల గలీబు తీసేసి ముదురు నీలంది వేసుకున్నాను, పొద్దున్నే లెక్కపెట్టే పని ఉండదని. మూడో నెల చివర్లో తగ్గింది. ఇప్పుడు బాత్రూమ్ జాలీలో అప్పటి సగం కూడా రావట్లేదు. సుడి దగ్గర కొత్తగా వచ్చిందా అంటే, మా ఆవిడ వచ్చిందంటుంది. అద్దం మాత్రం ఒప్పుకోవట్లేదు.

ఈలోపు తొందరపడి ఒక క్లినిక్‌కు వెళ్లాను. డాక్టర్ కనిపించలేదు. కౌన్సెలర్ అనే అబ్బాయి ఫోన్‌లో నాలుగు ఫోటోలు తీసి, "4,500 గ్రాఫ్టులు సార్, ముందూ వెనకా ఒకే సిట్టింగ్, తర్వాత మాత్రలు కూడా అక్కర్లేదు" అన్నాడు. గ్రాఫ్ట్ అంటే వెనక నుంచి వేరుతో సహా తీసి నాటే చిన్న వెంట్రుకల కుదురట. దసరా సెలవుల డేట్ అయిపోతుందంటే పది వేలు అడ్వాన్స్ కట్టేశాను. మెట్రో ఎక్కి సీటు దొరికాక గానీ నా బుర్ర పని చేయలేదు.

మేడమ్‌ను అడిగితే మందులకు కనీసం ఏడాది టైమ్ ఇచ్చి అప్పుడు చూద్దామంటున్నారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి? సర్జరీకి ముందు రెండు మందులూ ఆపాలా? ఇంకోటి, కొంచెం నవ్వొచ్చే సంగతే. నాకు ఉద్యోగం వస్తే తిరుమలలో గుండు కొట్టిస్తానని అమ్మ మొక్కుకుంది. ఆరేళ్లుగా వాయిదా వేస్తున్నాను, పోయిన జుట్టు మళ్లీ వస్తుందో రాదోనన్న భయంతో. ట్రాన్స్‌ప్లాంట్‌కు ముందు మొక్కు తీర్చుకోవాలా, తర్వాతా?

ఖర్చు తగ్గుతుందని ఫినాస్టెరైడ్ 5 మి.గ్రా. బిళ్ల కొని బ్లేడుతో నాలుగు ముక్కలు చేసి వాడుతున్నాను. పర్లేదు కదా?

రెండుసార్లు కోయించుకున్నవాడు, కేపీహెచ్‌బీ:

తమ్ముడూ, ముందు నా తల సంగతి విను.

2016లో, నా 27వ ఏట, మందూ మాకూ లేకుండా నేరుగా చేయించుకున్నాను. పెళ్లిచూపుల తొందర. వెనక నుంచి చర్మం పట్టీలా కోసి తీసే పద్ధతి అది, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా గీత ఇప్పటికీ ఉంది. ముందు వరస బ్రహ్మాండంగా వచ్చింది. పెళ్లీ అయింది. కానీ పెట్టిన జుట్టు నిలిచింది, దాని వెనకున్న నా సొంత జుట్టు తన దారిన తను పోతూనే ఉంది. 2020 నాటికి ఎలా ఉందంటే, మన సిటీ బయట వెంచర్లు చూస్తాం కదా, కాంపౌండ్ వాల్ గట్టిగా ఉంటుంది, లోపల ప్లాటు ఖాళీ. అలా.

ట్రాన్స్‌ప్లాంట్ రాలడాన్ని ఆపదు. వెనక, చెవుల పైన ఉండే వెంట్రుకలు డీహెచ్‌టీకి, అంటే జుట్టును సన్నబరిచే హార్మోనుకు, పెద్దగా లొంగవు. వాటిని ముందుకు తెచ్చి నాటినా ఆ గుణం వాటితోనే వస్తుంది. న్యూయార్క్ డాక్టర్ నార్మన్ ఓరెన్‌ట్రైక్ 1959లో చెప్పిన సంగతి ఇది, ఈ పనంతా దాని మీదే నిలబడింది. పక్కనున్న పాత వెంట్రుకకు మాత్రం ఆ గుణం రాదు. దాన్ని కాపాడేది మాత్రే. "తర్వాత మాత్రలు అక్కర్లేదు" అన్నాడంటే ఆ కుర్రాడికి నీ తల ముఖ్యం కాదు, నెలాఖరు టార్గెట్ ముఖ్యం.

వెనక ఉన్న సరుకు ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది, కొత్తగా జమ పడదు. మనిషిని బట్టి మారుతుంది గానీ చాలామందికి జీవితం మొత్తంలో ఐదారు వేల గ్రాఫ్టులు తీయగలిగితే గొప్ప. పెట్టే చోట చదరపు సెంటీమీటరుకు సుమారు 40 అనుకో. నువ్వు లెక్కల మాస్టారివి, మిగతాది నువ్వే చేసుకో.

రెండోసారి 2022లో చేయించుకున్నాను, రెండేళ్లు ఫినాస్టెరైడ్ వాడి రాలడం ఆగిందని ఖాయం చేసుకున్నాకే. వెళ్లేటప్పుడు గుండీల చొక్కా వేసుకో. నేను టీషర్టుతో వెళ్లి సాయంత్రం తల మీంచి తీయలేక కత్తెరతో కోయించుకున్నాను. మూడో రోజు నుదుటి వాపు కళ్ల మీదకు దిగింది, మా పాప దగ్గరికి రానన్నది. రెండ్రోజుల్లో పోయింది. వారం రోజులు రెండు దిండ్ల మీద ఒరిగి నిద్ర. చెక్కులు పది రోజుల దాకా ఉంటాయి, దసరా సెలవులు నీకెన్ని రోజులో చూసుకో. బండి, హెల్మెట్ కొన్నాళ్లు మర్చిపో. నెల తిరిగేసరికి పెట్టినవి చాలావరకు రాలతాయి, కంగారుపడకు, వేరు లోపలే ఉంటుంది. మూడు నాలుగు నెలలకు మొలకలు, అసలు రూపం ఏడాదికి.

నేను ఏడాదిన్నర తర్వాత తిరుమలలో గుండు కొట్టించుకున్నాను, జుట్టుకేం కాలేదు. క్షురకుడు మాత్రం వెనక గీత చూసి "తలకు ఆపరేషనా సార్?" అని జాలిపడ్డాడు. పట్టీలా కోయకుండా ఒక్కొక్క గ్రాఫ్టూ విడిగా తీసే ఎఫ్‌యూఈ పద్ధతిలో గీత ఉండదు గానీ గుండు చేస్తే తెల్లటి చుక్కలు కనిపిస్తాయి.

మందుల షాపు అక్క, మల్కాజిగిరి:

సార్, నేను ఫార్మసిస్టును, డాక్టర్‌ను కాదు. ముందు ఆ బ్లేడు పక్కన పెట్టండి. మీ ఇంట్లో పిల్లల కోసం చూస్తున్నారా? ఫినాస్టెరైడ్ పొడి గర్భిణుల చేతికి అంటకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే జననాంగాల ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉంది. పూత ఉన్న నిండు బిళ్లతో ఆ భయం లేదు, కోసినా నలిపినా ఉంది. పైగా బ్లేడుతో నాలుగు సమాన ముక్కలు రావు. 1 మి.గ్రా. బిళ్లే కొనండి. కొందరిలో వీర్యకణాల సంఖ్య తగ్గుతుంది, ఆపితే మామూలవుతుంది. కాబట్టి పిల్లల ప్లాన్ ఉంటే మీ మేడమ్‌కు చెప్పి తీరాలి. కొద్దిమందికి కోరిక తగ్గడం, దిగులుగా ఉండటం కూడా ఉంటుంది. సిగ్గుపడి దాచేవాళ్లే మా కౌంటర్ దగ్గర ఎక్కువ.

కాలేజీలో రక్తదాన శిబిరం పెడితే మీరు ఇవ్వకండి, మాత్ర ఆపి కనీసం నెల దాటే వరకు. ఆ రక్తం ఏ గర్భిణికి ఎక్కిస్తారో తెలియదు కదా.

సర్జరీకి ముందు ఫినాస్టెరైడ్‌ను మామూలుగా ఆపరు. ఆపితే ఏడాది లోపు ఆ లాభమంతా పోతుంది. మినాక్సిడిల్ వేరు. అది మొదట బీపీ మాత్రగా వచ్చిన మందు, రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. అందుకే కొన్ని రోజుల ముందు ఆపమంటారు, పుండ్లు మానాక మళ్లీ మొదలు. ఎన్ని రోజులన్నది చేసే డాక్టరే చెప్పాలి. చేప నూనె క్యాప్సూల్స్, విటమిన్ ఇ, సిగరెట్, మద్యం కూడా ముందే మానేయమంటారు. ఆస్పిరిన్ లాంటిది గుండె కోసం వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపకూడదు. రక్త పరీక్షల్లో షుగర్, రక్తం గడ్డకట్టే సమయం, హెచ్‌ఐవీ, హెపటైటిస్ అడుగుతారు.

కోసేది ఎవరో పేరుతో సహా అడగండి. ఇది చేయాల్సింది శిక్షణ ఉన్న రిజిస్టర్డ్ డాక్టరేనని, టెక్నీషియన్లు సాయం మాత్రమే చేయాలని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో చెప్పింది. డాక్టర్ మొహమే చూపించని చోట పది వేలు పోయినా నష్టం లేదనుకోండి.

గుండు బాస్, ఉప్పల్:

నాలుగేళ్లుగా వారానికోసారి ట్రిమ్మర్ జీరో. షాంపూ ఖర్చు లేదు. బోరు నీళ్ల వల్లే ఊడిందని మా అమ్మ ఇంకా నమ్ముతోంది, మా చెల్లి జడ మోకాళ్ల దాకా ఉంది, అవే నీళ్లు.

లెక్కల సార్, దిల్‌సుఖ్‌నగర్:

అన్నా, అక్కా, థాంక్స్. రాత్రి లెక్క వేశాను. మా ఆవిడ టేపు పట్టి కొలిస్తే సుడి దగ్గర వ్యాసం 8 సెం.మీ. అంటే వైశాల్యం 50 చ.సెం.మీ., 40 చొప్పున 2,000 గ్రాఫ్టులు. ముందు వైపు ఇంకో 2,000 పైనే. 4,500 అని ఆ కుర్రాడు చెప్పింది తప్పేం కాదు, నా డిపాజిట్ దాదాపు ఊడ్చేస్తున్నానని చెప్పలేదంతే. ఇప్పుడు మందు ఆపేసి, వ్యాసార్థం 4 నుంచి 5కు పెరిగిందనుకోండి. చుట్టూ కొత్తగా 28 చ.సెం.మీ. ఖాళీ అవుతుంది, మధ్యలో పెట్టిన జుట్టు దీవిలా మిగులుతుంది. ఆ ఉంగరం నింపడానికి ఇంకో 1,100 కావాలి, ఎక్కడి నుంచి తేవాలి? క్లాసులో నేనడిగిన ప్రశ్నే ఇది. ఆ నవ్విన పిల్లాడికి జవాబు నాకంటే ముందే తెలిసినట్టుంది.

దసరా డేట్ వదిలేశాను. అడ్వాన్స్ వెనక్కి ఇవ్వరట, "ఏడాది లోపు ఎప్పుడైనా రండి సార్" అంటున్నారు. వెళ్లను. సంక్రాంతికి ఏడాది పూర్తవుతుంది, అప్పుడు మేడమ్ దగ్గర మళ్లీ ఆ కెమెరా పెట్టించుకుంటాను. ఒకవేళ చేయించినా ముందు వైపు మాత్రమే, వేసవి సెలవుల్లో. బ్లేడు చెత్తబుట్టలో వేశాను. అక్క అడిగింది నిజమే, మేం పిల్లల కోసం చూస్తున్నాం. ఇవాళే మేడమ్‌కు మెసేజ్ పెట్టాను.

గుండు విషయం మేడమ్‌ను ముందే అడిగాను. సర్జరీ ముందు రోజు నున్నగా గీయించుకొస్తే కుదరదట, పట్టుకోవడానికి ఒకటి రెండు మి.మీ. జుట్టు ఉండాలట. నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి దసరాకు గీయిస్తే వేసవికి ఏ ఇబ్బందీ లేదు. అమ్మకు ఫోన్ చేసి తిరుమలకు టికెట్లు చూడమన్నాను. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

రెండుసార్లు కోయించుకున్నవాడు, కేపీహెచ్‌బీ:

గుండుకు ముందే ఫోటోలు తీయించుకో తమ్ముడూ. తల తడి లేకుండా, కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, మీ ఆవిడతో నడినెత్తి పైనుంచి. బాత్రూమ్ లైట్ కింద వద్దు, అక్కడ ఎవడికైనా బట్టతలే కనిపిస్తుంది. గుండు తర్వాత జుట్టు కాస్త పెరిగాక అదే కుర్చీ, అదే టైమ్, నెలకొకటి.