చక్కెర పొంగలి వాసన వచ్చే హెర్బల్ టీ: నెయ్యి తేలకుండా ఎట్ల చేసేది?

కొర్లగుంట కోడలు (తిరుపతి)

మా మామకు షుగరూ ఉంది, బీపీ ఉంది. ధనుర్మాసంలో మా పక్కవీధి గుడిలో తెల్లారకముందే చక్కెర పొంగలి పెడతారు. దొన్నె తీసుకుంటాడు, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు, మా పిల్లోడి చేతికి ఇచ్చేస్తాడు. నెలంతా ఇదే. నోరు తెరిచి ఒక్క మాట అనడు. అనింటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

తినే యోగం ఎట్లా లేదు, సాయంత్రం ఒక లోటా వేడినీళ్లలో ఆ వాసనన్నా ఇద్దామని మొదలుపెట్టినా. మొదటిసారి జీడిపప్పు వేయించి పొడి చేసి, యాలకులు, ఒక చెంచా నెయ్యి, రెండు రెబ్బలు ఎండు తులసి, నిమ్మగడ్డి కలిపి డబ్బాలో పోసినా. రుచికి రొంత బెల్లం పొడి కూడా (తిట్టొద్దండి, చిటికెడే). మూడో రోజుకు బెల్లం చెమ్మ పట్టి డబ్బా అంతా ఒకటే ముద్ద. వారానికి నెయ్యి కంపు. అంతకుముందే కాచి ఇచ్చిన లోటాలో పైన నూనె చుక్కలు తేల్తా ఉంటే మా మామ చూసి, "పొంగలి గిన్నె కడిగిన నీళ్లా అమ్మా ఇవి?" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగినాడు.

రెండోసారి నెయ్యీ బెల్లం తీసేసి అతిమధురం చెక్క వేసినా. చక్కెర లేకుండానే తియ్యగా వచ్చింది, ఆయనకూ నచ్చింది. కానీ పొంగలి మాత్రం యాడా కనపడలేదు, దగ్గు మందు మాదిరి ఉండాది. ఏం తగ్గించాల, ఏం కలపాల? తెలిసినోళ్లు చెప్పండి.

నాటుమందులంగడి (శ్రీకాళహస్తి)

అక్కా, ముందు ఆ అతిమధురం ఆపేయి. పొంగలి సంగతి తర్వాత. దాంట్లో తీపినిచ్చే గ్లైసిరైజిన్ రోజూ లోపలికి పోతే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోతాయి, పొటాషియం తగ్గుతుంది, బీపీ పెరుగుతుంది. మా అంగట్లో బీపీ ఉన్నోళ్లు అడిగితే నేనే ఇవ్వను. ఇన్ని రోజులు తాగినాడు కాబట్టి ఒకసారి బీపీ చూపించు.

దాని బదులు సుగంధిపాల వేరు వాడు. మన నన్నారి షర్బత్ వాసనే. తీపి ఉండదు గానీ ముక్కుకు తీపి అనిపిస్తుంది. అంగట్లో అడిగేటప్పుడు సన్నగా, తీగ మాదిరి, ముదురు గోధుమ రంగులో ఉండే వేరు అడుగు. లావుగా తెల్లగా ఉండేవి మారేడు కొమ్ములు, ఊరగాయ పెడతాం చూడు, అవి. వాటికీ అదే వాసన, కానీ శేషాచలం అడవుల్లో తవ్వి తవ్వి అవి కరువైపోయినాయి. ఎందుకులే వాటి జోలి.

వేరును కచ్చాపచ్చాగా దంచు. పొడి చేస్తే బురద నీళ్లే.

రిటైర్డ్ సైన్సు మాస్టారు (చిత్తూరు)

ఆయన చెప్పిన వేరులో వాసన ఎందుకుందో చెబుతానమ్మా, ముప్పై ఏళ్ల అలవాటు, ఊరుకోలేను. ఐస్‌క్రీములో వేసే వెనిల్లా వాసన వెనిలిన్‌ది. సుగంధిపాలలో ఉండేది దాని తోబుట్టువు: అణుసూత్రం రెండింటికీ ఒకటే, అణువులో అమరిక వేరు. అందుకే పాయసాలు గుర్తుకొస్తాయి. అది ఆవిరితో ఎగిరిపోయే సరుకు. బాగా మరగబెట్టావంటే ఇల్లంతా వాసన, లోటాలో ఏమీ మిగలదు. మరిగిన నీళ్లు పోసి మూత పెట్టి పది నిమిషాలు వదిలేయ్.

ఇక నెయ్యి. నూనె నీళ్లలో కలవదు, గాలి తగిలితే కంపు కొడుతుంది. జీడిపప్పుకూ ఎండుకొబ్బరికీ ఇదే గతి. నువ్వు నెయ్యి కోసం వెతుకుతున్నావు గానీ, పొంగలిలో మనకు నచ్చే వాసనలో సగం వేయించిన పెసరపప్పుది. నూనె చుక్క లేకుండా బియ్యాన్ని, పెసరపప్పును విడివిడిగా దోరగా వేయించు. జపాన్‌వాళ్లు వేయించిన బియ్యం కలిపిన టీ తాగుతారు, గెన్‌మైచా అంటారు. మన వంటింట్లో ఆ పని ఇంకా బాగా జరుగుతుంది. మాడనివ్వకు.

తులసి, నిమ్మగడ్డి రెండూ తీసేయ్. పొంగలిలో నిమ్మకాయ పిండుతామా?

అలిపిరి కుర్రోడు

పచ్చకర్పూరం ఎవురూ చెప్పరేంది? అది లేకుండా గుడి పొంగలి ఎట్లవుతుంది? ఇంగ దీనికి 'తిరుపతి లడ్డూ టీ' అని పేరు పెట్టి అమ్మేయక్కా, యాత్రికులు ఎగబడతారు.

నాటుమందులంగడి

తమ్ముడూ, తిరుపతి లడ్డూకు 2009లోనే జీఐ (ఫలానా ఊరి సరుకు అని చట్టంగా ఇచ్చే) గుర్తింపు వచ్చింది, ఆ పేరు ఎవరంటే వాళ్లు డబ్బా మీద వేసుకునేది కాదు. తేయాకు లేనిదాన్ని 'టీ' అని అమ్మకూడదని కూడా తిండి సరుకుల మీద నిఘా పెట్టే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 డిసెంబరులో చెప్పింది. ఇంట్లో ఏమన్నా పిలుచుకో.

పచ్చకర్పూరం మాట నిజమే. కానీ పూజకు వెలిగించే బిళ్లలు కాదు, వంటకు వాడేదని గట్టిగా చెప్పి తెచ్చుకో అక్కా. డబ్బాలో పొడి చేసి కలపొద్దు, ఎక్కువైతే చేదు, పైగా ఎక్కువగా కడుపులోకి పోతే విషమే. ఆవగింజంత పలుకు కాగితంలో మడిచి, వేయించి చల్లారిన బియ్యంలో ఒక రాత్రి ఉంచి, పొద్దున తీసేయి. దానంతట అదే ఆవిరై బియ్యానికి పడుతుంది. స్టీలు డబ్బా గానీ గాజు సీసా గానీ వాడు. మీ పిల్లోడికి అందేచోట పెట్టొద్దు, చిన్నపిల్లలు నోట్లో వేసుకుంటే ఫిట్స్ వస్తాయి.

కొర్లగుంట కోడలు

అందరికీ దండాలు. అతిమధురం ఆ రోజే పారేసినా. బీపీ చూపించినాం, ఎప్పుడూ ఉండేదానికన్నా ఎక్కువే ఉండాది. వారం తర్వాత మళ్లీ రమ్మన్నారు. నా చేతులతో నేనే ఇచ్చినానే అని రెండు రాత్రులు నిద్ర లేదు.

నిన్న చేసిన కొలత ఇది: వేయించిన బియ్యం నాలుగు చెంచాలు, పెసరపప్పు రెండు, దంచిన సుగంధిపాల ఒకటి, తొక్కతోనే చితగ్గొట్టిన యాలకులు ఆరు, జాజికాయ రెండు గీతలు. మొదట లవంగం కూడా రెండు వేసినా, బిర్యానీ గుర్తుకొచ్చింది, ఏరి పారేసినా. బియ్యం మొదటి వాయి మాడి కాఫీ వాసన కొట్టింది, అది నేనే తాగినా, బాగుండాది. గాంధీరోడ్డులో పచ్చకర్పూరం కొనేటప్పుడు అంగడాయన "పొంగలికా?" అని అడిగినాడు. అవునన్నా. ఇంత కథ ఏం చెప్పేది?

ఇంగో సంగతి. బియ్యం, వేరుముక్కలు అడుగుకు దిగిపోతాయి, యాలక్కాయ తొక్కలు పైనే ఉంటాయి. తీసే ప్రతిసారీ డబ్బా తిరగేసి కుదపాల. లేకుంటే ఒకరోజు యాలకుల నీళ్లు, ఒకరోజు గంజి. ఒక లోటాకు చెంచాడు చాలు, వడగట్టి ఇస్తా ఉండా, గింజలు తిననివ్వను.

మా మామ మూత తీసి చాలాసేపు వాసన చూసినాడు. తాగినాడు. "గుడి వాసన వస్తా ఉంది, పొంగలి యాడమ్మా?" అన్నాడు. లోటా మాత్రం ఖాళీ చేసినాడు. మాస్టారూ, పెసరపప్పు ఇంగో చెంచా పెంచేదా?

రిటైర్డ్ సైన్సు మాస్టారు

పెంచు. బియ్యం ఒక చెంచా తగ్గించు.