విక్రమార్కుడు పట్టు వదలకపోవడం మంచికేనా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఒక సైన్స్ ఫిక్షన్ కథ రాస్తున్నాను. సముద్రం మధ్య ఒక చోటికి దళం తర్వాత దళం వెళ్తుంది. ప్రతి దళమూ ఒకే చోట, ఒకే రకంగా దెబ్బతింటుంది. అయినా పైవాళ్ళు ఇంకో దళాన్ని పంపుతూనే ఉంటారు. ఎందుకో వెళ్ళేవాళ్ళకి చెప్పరు. దీన్ని ఒక్క ముక్కలో చెప్పే తెలుగు మాట కావాలి. ‘గజనీ దండయాత్ర’ అని పేరు పెడితే మా అన్నయ్య చదివి నవ్వాడు. ‘భగీరథ ప్రయత్నం’, ‘పట్టు వదలని విక్రమార్కుడు’ కూడా మనసులో ఉన్నాయి. ఏది నప్పుతుంది?

స్పందన:
గజనీయే ఉంచండి, ఇట్టే అర్థమవుతుంది. మా బాబాయి కొడుకు గ్రూప్స్ మీద అలాగే దండెత్తుతున్నాడు. వాడు నిశ్చింతగా ఉన్నాడు, టెన్షన్ మాకే.

స్పందన:
గజనీ వద్దండీ. పరీక్ష తప్పినవాణ్ణి ఆటపట్టించడానికి ఆ మాట బాగానే పనికొస్తుంది, దాన్ని తప్పుపట్టను. పదహారుసార్లు ఓడి పదిహేడోసారి గెలిచాడన్నట్టు వాడతాం గానీ, జరిగింది దాదాపు దానికి తలకిందులు. 1000 నుంచి 1027 దాకా గజనీ మహమ్మద్ వచ్చినప్పుడల్లా చాలావరకు గెలిచి, దోచుకున్నది మూటగట్టుకుని పోయాడు. 1001లో పెషావర్ దగ్గర జయపాలుణ్ణి ఓడించాడు. కాశ్మీరు దారిలో లోహర్‌కోట దగ్గర మాత్రం రెండుసార్లు వెనక్కి తగ్గాడు. 1025-26 నాటి సోమనాథ్ దాడి సరేసరి. 17 అన్న లెక్క 19వ శతాబ్దంలో హెన్రీ ఇలియట్ వేసిన పట్టికలో ఉంది, అదే మన నోళ్ళలో నిలిచిపోయింది. మీ దళాలు ఏమీ తేకుండా, ఒక్కోసారి తామే రాకుండా పోయేవి. ఆయనతో పోలికేమిటి?

భగీరథుడు కొంత నయం. ఆ కథలో మొదటి దళం 60,000 మంది సగరపుత్రులు. యాగాశ్వం కోసం భూమిని తవ్వుకుంటూ పాతాళానికి పోయి, కపిల మహర్షి ఆగ్రహానికి బూడిదైపోయారు. మనవడు అంశుమంతుడు వెళ్ళి గుర్రాన్ని తెచ్చాడు గానీ, ఆ బూడిద మీద పారడానికి గంగ కావాలి. అది అతని వల్ల కాలేదు, కొడుకు దిలీపుడి వల్లా కాలేదు. ఆ తర్వాతివాడు సాధించాడు, మాటలో అతని పేరే మిగిలింది. మీ కథ చివర గంగ దిగేటట్టయితే ఇది వాడుకోండి. మీ ప్రశ్న తీరు చూస్తే దిగేటట్టు లేదు.

మీకు కావలసింది విక్రమార్కుడే. చెట్టు దగ్గరికి వెళ్ళడం, శవాన్ని భుజాన వేసుకోవడం, సగం దారిలో మౌనభంగం, మళ్ళీ చెట్టు. ప్రతి యాత్రా ఒకే చోట విఫలం. జవాబు తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే శవం చేజారుతుంది. ఇందులో తప్పించుకునే దారే లేదు, తెలివితేటలు ఎంత ఉంటే అంత చిక్కు. పైగా పంపినవాడు క్షాంతిశీలుడు, ఏళ్ళ తరబడి పళ్ళలో రత్నాలు పెట్టి రాజుకి ఇచ్చి నమ్మకం సంపాదించిన భిక్షువు. ఏ పనికి శవం కావాలో అతను నిజం చెప్పలేదు. ఆ నిజం తెలిసింది శవంలో ఉన్న బేతాళుడికే.

స్పందన (ప్రశ్న అడిగినవారు):
వివరానికి ధన్యవాదాలండీ. కానీ ఆ మాటని అందరూ పట్టుదలకి మెచ్చుకోలుగానే వాడతారు కదా? నా కథలో పట్టుదలే వాళ్ళ కొంప ముంచుతుంది.

స్పందన:
అందుకే నప్పుతుందంటున్నాను. సోమదేవుడి 11వ శతాబ్దపు సంస్కృత కథనంలో చివరికి ఏం జరిగిందో చూడండి. శవాన్ని తెచ్చిచ్చాక సాష్టాంగపడమని చెప్పి, రాజు తల నరికి బలి ఇవ్వాలని భిక్షువు పథకం. అంటే రాజు మొదటిసారే నోరు మూసుకుని శవాన్ని చేర్చి ఉంటే ఆ రాత్రే చచ్చేవాడు. ఓడిన ప్రతిసారీ బతికాడు! ఆ ఓటములవల్లే బేతాళుడు అతన్ని ఇన్ని రకాలుగా పరీక్షించగలిగాడు, మెచ్చాడు, చివర్లో గుట్టు విప్పాడు. ‘సాష్టాంగం ఎలా పడాలో ముందు నువ్వు చూపించు’ అనమన్నాడు. చూపించడానికి భిక్షువు నేల మీద పడుకోగానే తల తెగింది.

ఆ చివరి యాత్ర నెగ్గింది కూడా పట్టుదల వల్ల కాదు. అప్పటిదాకా అన్నిటికీ జవాబు తెలిసినవాడు ఆఖరి ప్రశ్నకి తెల్లమొహం వేశాడు. తెలియదు కాబట్టి మౌనం, మౌనం కాబట్టి శవం భుజం మీదే ఉండిపోయింది. పాతికేళ్ళుగా ఆ మాటని సన్మాన సభల్లో వింటున్నాను, ఈ సంగతి ఎవరూ ఎత్తరు. ఎత్తితే శాలువా కప్పించుకునేవాడికి బాగుండదు కూడా.

ఇంకో సంగతి. మూలంలో కథలు పాతికకి ముగుస్తాయి. చందమామలో మాత్రం అవి అయిపోయాక కొత్తవి కల్పించి దశాబ్దాలపాటు నడిపారు. కాబట్టి మనలో చాలామందికి తెలిసిన విక్రమార్కుడు శ్మశానం చేరనే లేదు. బయటికి వచ్చే తలుపు తీసేసిన కథ అది. మీకు అదే ఎక్కువ పనికొస్తుందేమో, ఆలోచించండి.

స్పందన:
ఆ ఆఖరి ప్రశ్న ఏమిటండీ? మర్చిపోయాను.

స్పందన:
వావి వరసల ప్రశ్న. అడవిలో రెండు జతల ఆడ అడుగుజాడలు చూసి, పెద్ద పాదాలామె తండ్రికి, చిన్న పాదాలామె కొడుక్కి అని తండ్రీకొడుకులు ఒప్పందం చేసుకుంటారు. తీరా చూస్తే వాళ్ళు తల్లీకూతుళ్ళు, పెద్ద పాదాలు కూతురివి. మాట ప్రకారం తండ్రి కూతుర్ని, కొడుకు తల్లిని చేసుకున్నారు. రెండు జంటలకీ కొడుకులు పుడితే వాళ్ళు ఒకరికొకరు ఏమవుతారు?

స్పందన:
ఇది మా అమ్మమ్మ నడిగితే పప్పు రుబ్బుతూనే చెప్పేది. తండ్రికి పుట్టినవాడు కొడుకుకి తమ్ముడు, అంటే రెండోవాడికి బాబాయి. తల్లికి పుట్టినవాడు కూతురికి తమ్ముడు, అంటే మొదటివాడికి మేనమామ. ఒకడికి బాబాయి అయినవాడు వాడికే మేనల్లుడు. ఆ పెద్దావిడ మొదటివాడికి అమ్మమ్మా, వదినా కూడా.

స్పందన:
బాగా తేల్చారు. రాజుకి కూడా అంత చప్పున తట్టి ఉంటే మళ్ళీ చెట్టు దాకా నడిచేవాడు.

స్పందన (ప్రశ్న అడిగినవారు):
పేరు మార్చేశానండీ. ‘మౌనభంగం’ అని పెట్టాను. విక్రమార్కుణ్ణి లోపల ఒక పాత్ర నోట అనిపిస్తాను, అదీ దళాన్ని సాగనంపే అధికారి నోట, మెచ్చుకోలుగానే.