ఇప్పటికే కాలుష్యం మోస్తున్న ఊరికి చట్టంలో రక్షణ ఉందా?

నక్కవాగు ఒడ్డు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది పటాన్‌చెరు ప్రాంతంలో నక్కవాగుకు దగ్గరగా ఉన్న ఊరు. రాత్రి ఒంటిగంట దాటాక కుళ్లిన కూరగాయల లాంటి ఘాటు వాసన మొదలవుతుంది; మా అమ్మ లేచి తడిగుడ్డను కిటికీ సందుల్లో కుక్కుతుంది. బోరు నీళ్లను బిందెలో పట్టి తెల్లవారేదాకా ఉంచితే అడుగున పసుపు మడ్డి పేరుకుంటుంది. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ, తనిఖీ చేశామని, ఫలానా ఫ్యాక్టరీ పరిమితికి లోబడే ఉందని జవాబు వస్తుంది. ఏ ఫ్యాక్టరీకి ఆ ఫ్యాక్టరీ పరిమితిలోనే ఉండవచ్చు, కానీ అన్నింటి పొగనూ పీల్చేది మా ఊరే కదా. ఇప్పుడు మరో యూనిట్ విస్తరణకు దరఖాస్తు పెట్టిందని తెలిసింది. ఇంత మోస్తున్న ఊరి మీద ఇంకా బరువు వేయకూడదని చెప్పే చట్టం ఏదైనా ఉందా?

హరిత వకీలు:

మీరు అడిగిన మాటను నేరుగా చెప్పే చట్టం మనకు లేదు. 1974 నాటి నీటి చట్టం, 1981 నాటి వాయు చట్టం ప్రధానంగా ఒక్కొక్క గొట్టాన్నీ, ఒక్కొక్క చిమ్నీనీ విడివిడిగా కొలుస్తాయి. స్వచ్ఛమైన నీరు, గాలి జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే సుభాష్ కుమార్ కేసులో చెప్పింది. ఆ హక్కును ఊరి మీద పడే మొత్తం భారంతో ముడిపెట్టే నిబంధన మాత్రం రాలేదు.

దానికి కొంత దగ్గరగా వచ్చింది 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తెచ్చిన సమగ్ర కాలుష్య సూచిక. దేశంలో 88 పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్యాన్ని బట్టి వందకు మార్కులు వేస్తే 43 ప్రాంతాలు 70 దాటి తీవ్ర కాలుష్య జాబితాలోకి వెళ్లాయి. విశాఖపట్నానికి 70.82, పటాన్‌చెరు–బొల్లారానికి 70.07 వచ్చాయి. 2010 జనవరిలో ఆ ప్రాంతాల్లో కొత్త ప్రాజెక్టులకూ విస్తరణలకూ పర్యావరణ అనుమతుల పరిశీలనను ఆపివేశారు. అయితే అది పార్లమెంటు చేసిన చట్టం కాదు, మంత్రిత్వ శాఖ నిర్ణయం; అందుకే కార్యాచరణ ప్రణాళికలు సమర్పించిన కొద్దీ ఒక్కొక్క ప్రాంతానికీ ఆ నిషేధం తొలగిపోయింది. పైగా పర్యావరణ అనుమతుల విధానాన్ని నిర్దేశించే 2006 నోటిఫికేషన్ ప్రకారం, ఆమోదం పొందిన పారిశ్రామిక వాడ లోపల వచ్చే యూనిట్లకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉంది. అంటే ఎక్కువ ఫ్యాక్టరీలు ఉన్న చోటే ప్రజల మాట తక్కువగా వినబడుతుంది. ఈ మినహాయింపు అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

మీ చేతిలో ఉన్నదల్లా పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రైబ్యునల్. మనకు చెన్నై బెంచి. విస్తరణకు పర్యావరణ అనుమతి వస్తే అప్పీలుకు 30 రోజులే గడువు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. జరిగిన నష్టానికి పరిహారం కోరాలంటే అయిదేళ్లు. కనుక అనుమతి తేదీని కనిపెట్టుకుని ఉండండి. వాసన వచ్చిన రాత్రి, గంట, గాలి దిక్కు, ఆ రోజు ఎవరికి దగ్గు లేదా వాంతులు వచ్చాయన్నది ఒక నోటుపుస్తకంలో రాస్తూ రండి.

ఎడిసన్ తెలుగు:

నేనుండే న్యూజెర్సీలో మీరు కోరుకుంటున్న లాంటి చట్టమే ఉంది. 2020 సెప్టెంబరు 18న గవర్నర్ ఫిల్ మర్ఫీ దాని మీద సంతకం చేశారు, నియమాలు 2023 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చాయి. జనగణన విభాగాల్లో ఎక్కడ 35 శాతం కుటుంబాలు తక్కువ ఆదాయంతో ఉన్నా, 40 శాతం నివాసులు మైనారిటీలు లేదా గుర్తింపు పొందిన తెగల వారైనా, 40 శాతం కుటుంబాలకు ఇంగ్లిషు సరిగా రాకపోయినా, ఆ ప్రాంతాన్ని ‘అధిక భారం మోస్తున్న సమాజం’గా లెక్కిస్తారు. అక్కడ చెత్త కాల్చే కేంద్రమో, పెద్ద ఎత్తున గాలిని కలుషితం చేసే ప్లాంటో కొత్తగా పెట్టాలంటే, దాని పొగను మాత్రమే కాక ఆ చోట ఇప్పటికే పేరుకున్న భారాన్నీ కలిపి నివేదిక ఇవ్వాలి, ఆ పేటలోనే సభ జరపాలి. ఇతర ప్రాంతాలతో పోలిస్తే భారం ఎక్కువవుతుందని తేలితే, తప్పనిసరి ప్రజా అవసరం ఉంటే తప్ప, అనుమతి నిరాకరించి తీరాలి. ఉన్న ప్లాంట్లు అనుమతిని పునరుద్ధరించుకునేటప్పుడు మాత్రం షరతులు విధించగలరే కానీ ఆపలేరు. ఇది పెద్ద లోటే.

ఇక్కడి నెవార్క్ నగరంలోని ఐరన్‌బౌండ్ పేటలో నడిస్తే ఈ చట్టం ఎందుకు కావలసి వచ్చిందో అర్థమవుతుంది: ఒక పక్క విమానాశ్రయం, ఒక పక్క ఓడరేవు, చెత్త కాల్చే ప్లాంటు, మధ్యలో పిల్లల బడులు. చట్టానికీ ప్రభుత్వ నిర్ణయానికీ మధ్య వకీలు గారు చెప్పిన తేడా ఇక్కడా కనబడింది. పేద, మైనారిటీ పేటల మీద పడే కాలుష్య భారాన్ని పట్టించుకోవాలంటూ 1994లో అధ్యక్షుడు క్లింటన్ ఇచ్చిన పర్యావరణ న్యాయ ఉత్తర్వును 2025 జనవరిలో ఒక్క సంతకంతో రద్దు చేశారు; రాష్ట్ర శాసనసభ చేసిన చట్టం నిలిచి ఉంది.

పాత రైతు:

1990లో సుప్రీంకోర్టుకు వెళ్లిన పటాన్‌చెరు కేసు మాలాంటి రైతులకు బాగా గుర్తుంది. పొలాలు పాడైన రైతులకు పరిహారం ఇవ్వమని కోర్టు చెప్పింది, ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. తరువాత శుద్ధి చేసిన వ్యర్థ జలాన్ని గొట్టం వేసి హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున ఉన్న అంబర్‌పేట వైపు పంపారు. మా వాగుకు కొంత ఊరట కలిగినా, ఆ బరువు మూసీ దిగువ ఊళ్లకు చేరింది. పరిహారం జరిగిపోయిన దానికి ఇస్తారు బాబూ. జరగబోయేదాన్ని ఆపే నిబంధన కోసం మన శాసనసభ్యులను అడగాలి, అది కూడా మూసీ ఊళ్లవాళ్లతో కలిసి అడగాలి.

నక్కవాగు ఒడ్డు:

అందరికీ కృతజ్ఞతలు. విస్తరణకు అనుమతి ఇంకా రాలేదు. ఈ ఆదివారం గ్రామ పంచాయతీ దగ్గర కూర్చుని నోటుపుస్తకం మొదలుపెడుతున్నాం. మా అమ్మ చెప్పిన మూడు రాత్రుల వివరాలు మొదటి పేజీలో రాశాను. మూసీ దిగువ ఊళ్లవారు ఎవరైనా ఇక్కడ ఉంటే దయచేసి రాయండి.