ఆడమ్స్, జెఫర్సన్ ముసలితనంలో రాసుకున్న ఉత్తరాలు: వాళ్ళు నిజంగా కలిశారా?

పాతటపా:
అమెరికా తొలి రోజుల రాజకీయాల గురించి తెలుగులో ఎవరు వ్యాసం రాసినా జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్‌ల స్నేహాన్ని కళ్ళు చెమర్చేలా వర్ణించి ముగిస్తున్నారు. 1776లో స్వాతంత్ర్య ప్రకటన సంఘంలో కలిసి పనిచేసిన ఇద్దరు, 1800 ఎన్నికల్లో జెఫర్సన్‌కు 73, అప్పటి అధ్యక్షుడు ఆడమ్స్‌కు 65 ఎలక్టోరల్ ఓట్లు వచ్చేసరికి ఎడమొహం పెడమొహం అయ్యారు. 1801 మార్చి 4న కొత్త అధ్యక్షుడి ప్రమాణస్వీకారం కూడా చూడకుండా ఆడమ్స్ తెల్లవారకముందే రాజధాని విడిచి వెళ్ళిపోయాడు. తరువాత దాదాపు పదకొండేళ్ళు వారి మధ్య ఉత్తరం ముక్క లేదు. ఇద్దరికీ మిత్రుడైన డాక్టర్ బెంజమిన్ రష్ మధ్యవర్తిత్వంతో 1812 జనవరి 1న ఆడమ్స్ మొదటి ఉత్తరం రాశాడు, ఆపైన 1826లో ఇద్దరూ ఒకే రోజు, జూలై 4న చనిపోయే వరకు స్నేహం సాగింది. కథ ఇంతవరకు అందరికీ తెలుసు.

నా అభ్యంతరం లెక్క దగ్గర ఉంది. ఆ 14 ఏళ్ళలో ఆడమ్స్ రాసినవి 109 ఉత్తరాలు, జెఫర్సన్ రాసినవి 49. దీన్ని సయోధ్య అనడం కంటే, ఒక ముసలాయన తలుపు తడుతూ ఉంటే రెండో ఆయన వీలున్నప్పుడు కిటికీ తీసి పలకరించాడని అనడం న్యాయం. 1813 వేసవిలో ఆడమ్స్ వరసగా రాస్తూనే ఉన్నాడు, జెఫర్సన్ మాత్రం జూన్ 27న ఒకటి రాసి మళ్ళీ ఆగస్టు 22 దాకా కలం పట్టలేదు. మనసు కలిసినవాడు ఇలా చేస్తాడా?

తెల్లకాగితం:
పాతటపా గారూ, ఉత్తరాలను లెక్కపెట్టి స్నేహాన్ని కొలవడం నాకు సమంజసంగా తోచడం లేదు. జెఫర్సన్ 1786లో పారిస్‌లో కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. అది సరిగా అతుక్కోలేదు, ముసలితనంలో రాయడం ఆయనకు నిత్యబాధగా మారింది. పైగా 1822 జూన్‌లో ఆడమ్స్‌కే రాసిన ఉత్తరంలో, ఒక్క 1820లోనే తనకు 1,267 ఉత్తరాలు వచ్చాయని, వాటిలో చాలావాటికి శ్రమపడి వెతికి జవాబు రాయవలసి వస్తోందని మొరపెట్టుకున్నాడు. ఆడమ్స్‌కూ చేతులు వణికేవి. అయితే ఆయన ఇంట్లోవాళ్ళకు చెప్పి రాయించుకునేవాడు, జెఫర్సన్ మాత్రం స్వయంగా రాసేవాడు. ఈ తేడా మీ లెక్కలో ఎక్కడా లేదు.

ఇంకొక్క మాట. మీరు పట్టుకున్న ఆ లెక్క ఆడమ్స్‌ను బాధపెట్టనే లేదు. 1813 జూలై 15న ఆయన రాసిన ఉత్తరంలో, మీ ఒక్క ఉత్తరానికి నేను నాలుగు రాసినా పట్టించుకోకండి, నా నాలుగింటికంటే మీ ఒక్కటే విలువైనది అన్న అర్థంలో స్పష్టంగా చెప్పాడు. ఫిర్యాదు చేయవలసిన మనిషే చేయనప్పుడు, రెండు వందల ఏళ్ళ తరువాత ఆయన తరఫున మనకెందుకు వకాల్తా?

బోస్టన్ బాటసారి:
క్విన్సీలో ఆడమ్స్ ఇల్లు మా ఊరికి దగ్గరే, చూసి వచ్చాను. జెఫర్సన్ కొండమీది భవనం మాంటిసెల్లో కదా, ఆడమ్స్ పరాచికానికి తన ఇంటిని మాంటెజిల్లో అని పిలుచుకుని, కొన్ని ఉత్తరాల పైన ఆ పేరే వేశాడు. పగ ఉన్నవాడు చేసే పరాచికం కాదది.

పాతటపా:
తెల్లకాగితం గారు చూపిన 1,267 సంఖ్య 1820 నాటిది. నేను అడిగింది 1813 సంగతి, ఏడేళ్ళ తరువాతి తపాలా భారాన్ని దానికి సాక్ష్యంగా తీసుకురావడం కుదరదు. మణికట్టు నొప్పి నిజమే కాని, అదే మణికట్టుతో ఆయన ఊరూ పేరూ తెలియని వాళ్ళకు సైతం పేజీల కొద్దీ జవాబులు రాశాడు. ఇక నాలుగింటికి ఒకటి చాలన్న మాట పెద్దమనిషి మర్యాద. ఆ మర్యాద వెనుక ఎంత ఎదురుచూపు ఉందో అదే జూలై 15 ఉత్తరంలో ఇంకో వాక్యం చెబుతుంది. మనమిద్దరం ఒకరికొకరం వివరించుకోకుండా చనిపోకూడదు అన్నాడాయన. ఇంత మాట అన్నవాడికి రావలసిన జవాబు వచ్చిందా లేదా అన్నదే నా ప్రశ్న.

ఇది నాకు పుస్తకాల్లో చదివిన విషయం మాత్రమే కాదు. ఆస్తి పంపకాల తరువాత మా పెద్దన్నయ్యకు నేను ఎన్నో ఉత్తరాలు రాశాను, ఫలానా రోజున ఫలానా వాళ్ళ ముందు ఆ మాట ఎందుకన్నావని అడిగాను. అరుదుగా వచ్చిన జవాబుల్లో వానలు పడ్డాయా, పిల్లలు ఏం చదువుతున్నారు, మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి అన్న కుశలప్రశ్నలే తప్ప, అడిగినదానికి ఒక్క అక్షరం లేదు. బంధువులందరూ అన్నదమ్ములు కలిసిపోయారని సంతోషించారు. కలిశామో లేదో నాకు తెలుసు.

కరీంనగరీ:
ఆడమ్స్ భార్య అబిగైల్‌ను ఎవరూ తలుచుకోలేదేమిటి? 1804లో జెఫర్సన్ చిన్న కూతురు మేరీ చనిపోయినప్పుడు మొదట ఉత్తరం రాసింది ఆమె, అది కూడా భర్తకు తెలియకుండా. ఆ పిల్ల 1787లో ఎనిమిదేళ్ళ వయసులో లండన్‌లో దిగినప్పుడు కొన్నాళ్ళు ఆమె సంరక్షణలో ఉంది. జెఫర్సన్ కృతజ్ఞతలు చెబుతూనే, ఆడమ్స్ పదవి దిగేముందు చేసిన నియామకాలు తనకు వ్యక్తిగతంగా కష్టం కలిగించాయని ఒక ముల్లు గుచ్చాడు. ఆమె ఊరుకుంటుందా? తన భర్తను పత్రికల్లో తిట్టిపోసిన జేమ్స్ క్యాలెండర్ అనే పత్రికా రచయితకు డబ్బిచ్చింది మీరు కాదా అని నిలదీసింది. కుండ బద్దలు కొట్టినట్టు అన్నీ మాట్లాడుకున్నది ఆ ఇద్దరే, అక్టోబరు నాటికి ఆ ఉత్తరాలు ఆగిపోయాయి కూడా.

తెల్లకాగితం:
కరీంనగరీ గారు నా వాదనకే బలం చేకూర్చారు. 1804లో ముఖాముఖి నిలదీతలు జరిగాయి, ఫలితంగా మరో ఎనిమిదేళ్ళ మౌనం మిగిలింది. 1812లో ఆడమ్స్ తెలివిగా మొదలుపెట్టాడు. ఇంటి నేత గుడ్డ రెండు ముక్కలు పంపుతున్నానని ఊరించాడు, నిజానికి అవి తన కొడుకు జాన్ క్విన్సీ వక్తృత్వంపై ఇచ్చిన ఉపన్యాసాల రెండు సంపుటాలు. పుస్తకాలు చేరకముందే ఉత్తరం అందుకున్న జెఫర్సన్, అది నిజంగా గుడ్డే అనుకుని వర్జీనియాలో ఇళ్ళలో నేత ఎలా సాగుతోందో గంభీరంగా రాసి పంపాడు. పాత పోట్లాటల ఊసు లేకుండా నేత గురించి మాట్లాడుకుంటూ ఆ ఇద్దరూ దగ్గరయ్యారు.

ఆ పునాది ఎంత గట్టిదో 1823లో తేలింది. జెఫర్సన్‌ను దుయ్యబడుతూ ఆడమ్స్ ఏళ్ళ క్రితం కన్నింగ్‌హామ్ అనే బంధువుకు రాసిన రహస్య ఉత్తరాలను, అతని కొడుకు అచ్చువేసి బజారున పెట్టాడు. జాన్ క్విన్సీ అధ్యక్ష పదవికి పోటీపడుతున్న కాలమది. అక్టోబరు 12న జెఫర్సన్ తనంతట తానుగా రాశాడు. యాభై ఏళ్ళ స్నేహితుల మధ్య కలుపు చల్లి, వృద్ధుల తలగడలో ముళ్ళు పెట్టే ఈ ప్రయత్నం తన మనసును తాకదని హామీ ఇచ్చాడు. ఆడమ్స్ ఇంట్లో అందరూ ఉదయపు ఫలహారం చేస్తుండగా ఆ ఉత్తరం వచ్చింది. చూపు ఆనని ముసలాయన, మా ఇద్దరి మధ్య రహస్యాలేమీ లేవు, విప్పి చదవండి అని ఇంటి ఆడపిల్లల్లో ఒకరికి చెప్పాడు. చదవడం పూర్తికాగానే బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళంతా లోకంలో ఇంతకంటే మంచి ఉత్తరం లేదని, అచ్చు వేయించాలని కేకలు వేశారు. జెఫర్సన్ అనుమతి లేకుండా వీల్లేదన్నాడు ఆడమ్స్. తలుపు తట్టించుకున్నవాడు ఇలా తానే ముందు నడిచి వస్తాడా?

పాతటపా గారు మీ అన్నగారి మీది కోపాన్ని పాపం జెఫర్సన్ మీద తీర్చుకుంటున్నారని నాకు అనిపిస్తోంది.

పాతటపా:
నా ఇంటి విషయాన్ని నేను తెచ్చింది ఉదాహరణకు, మీరు నాకు మానసిక వైద్యం చేయడానికి కాదు. అంతగా మీకు ఆ ఫలహారపు బల్ల నచ్చితే, ఆ సన్నివేశంలో క్షమించినవాడు ఎవడో, క్షమ అవసరమైనవాడు ఎవడో గమనించండి. అక్కడ తప్పు బయటపడింది ఆడమ్స్‌ది. ఎదుటివాడి తప్పును పెద్దమనసుతో మాఫీ చేయడం గొప్ప సులువు, పేరుకు పేరు, ఖర్చు లేదు.

అదే తన తప్పు బయటపడినప్పుడు జెఫర్సన్ ఏం చేశాడో చూద్దాం. 1801లో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే శాస్త్రవేత్త, మతబోధకుడికి రాసిన ఉత్తరంలో ఆడమ్స్ ప్రభుత్వాన్ని మూఢత్వపు పాలనగా ఎత్తిపొడిచాడు, 1813లో అది అచ్చులో ఆడమ్స్ కంటబడింది. ఆడమ్స్ ఊరుకోక నేరుగా అడిగాడు. జూన్ 15న వచ్చిన జవాబు సారాంశం ఏమిటంటే, మేము తప్పుపట్టిన చర్యలన్నిటికీ మీరే కర్తలని ఎన్నడూ అనుకోలేదు, అవి మీ పేరు చాటున జరిగాయంతే. ఇందులో నేను అన్నాను, నాది పొరపాటు అన్న మాట ఎక్కడుందో చూపించండి. ఒక దేశాధ్యక్షుడితో, మీ ప్రభుత్వంలో మీ మాట చెల్లలేదు కాబట్టి మీ మీద నాకు కోపం లేదు అనడం ఓదార్పా, అవమానమా?

నిర్వాహకుడు:
సభ్యుల కుటుంబాల ప్రస్తావన ఇక్కడితో ఆపవలసిందిగా కోరుతున్నాను. చర్చ కొనసాగించవచ్చు.

తెల్లకాగితం:
నిర్వాహకుల మాట శిరసావహిస్తాను. మన తగువు ఉత్తరాల సంఖ్య గురించి కాదని ఇప్పుడైనా స్పష్టమైంది. తప్పు ఒప్పుకోనిదే సయోధ్య లేదని మీ సిద్ధాంతం. కొన్ని గాయాలను విప్పి చూపిస్తే మానవని నా సిద్ధాంతం. ఆడమ్స్ మీ పక్షం, జెఫర్సన్ నా పక్షం, అందుకే ఇద్దరం ఇంత పట్టుదలగా ఉన్నాం.

జెఫర్సన్ పాత పార్టీ తగాదాల్లోకి మళ్ళీ దిగనని చెప్పాడే గాని, వాదన నుంచి పారిపోలేదు. 1813 అక్టోబరు 28 ఉత్తరంలో గుణం, ప్రతిభ ఆధారంగా సహజంగా ఏర్పడే ఉన్నతవర్గం ఒకటుందని, ప్రజలు ఓటుతో వారిని ఎన్నుకుంటారని విశదంగా రాశాడు. ఆడమ్స్ అసలు ఒప్పుకోలేదు. అందం, ధనం, వంశం కూడా జనాన్ని అంతే లాగుతాయని, అవి గుణాన్నీ ప్రతిభనూ ఓడించిన సందర్భాలే ఎక్కువని తిప్పికొట్టాడు. నా మట్టుకు ఆడమ్స్ మాటే నిజమని ఏ ఎన్నికను చూసినా అనిపిస్తుంది. ఇంత మౌలికమైన విషయంలో విభేదించి కూడా మరో పన్నెండేళ్ళు ఉత్తరాలు సాగించినవాళ్ళు, 1798లో ఎవరు ఎవరిని ఏమన్నారో తేల్చుకోనంత మాత్రాన అపరిచితులైపోతారా?

కరీంనగరీ:
మీ ఇద్దరి సిద్ధాంతాలకూ లొంగని విషయం ఒకటుంది. మిస్సోరి రాష్ట్రంలో బానిసత్వాన్ని అనుమతించాలా వద్దా అని దేశం చీలిపోతున్నప్పుడు వీళ్ళు ఏం రాసుకున్నారు? 1821 జనవరి 22న జెఫర్సన్, మన బానిసలకు స్వేచ్ఛతో పాటు బాకు కూడా చేతికివ్వాలా అని అడిగాడు. జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా మనుషులను సొంత ఆస్తిగా ఉంచుకున్నవాడి ప్రశ్న అది. ఫిబ్రవరి 3న ఆడమ్స్ రాసిన జవాబులో, ఈ బానిసత్వం అర్ధశతాబ్దంగా దేశం మీద కారుమేఘంలా వేలాడుతోందని ఉంది. ఆ వెంటనే, ఇది తనకు అంతుబట్టదని, దక్షిణాది పెద్దమనుషులకే వదిలేస్తానని ఎప్పుడూ చెబుతూ వచ్చానని కూడా ఉంది. ఒక్క బానిసనూ ఉంచుకోని మనిషి, నోరు విప్పందే నిద్రపట్టని మనిషి, ఇక్కడ మాత్రం మిత్రుడి మొహమాటానికి లోబడి చేతులు దులుపుకున్నాడు. వివరించుకోవడం ఎక్కడ అత్యవసరమో అక్కడే ఇద్దరూ ఆపేశారు.

బోస్టన్ బాటసారి:
ఆ కాలపు మనుషులను ఈ కాలపు కొలతలతో తూచడం భావ్యమా?

కరీంనగరీ:
ఆ కాలపు కొలతే చెబుతాను. వీళ్ళిద్దరినీ కలపడానికి కారణమైన ఎడ్వర్డ్ కోల్స్ అనే వర్జీనియా యువకుణ్ణి అందరూ మరిచిపోయారు. 1811లో అతను క్విన్సీకి వెళ్ళినప్పుడే, నేను జెఫర్సన్‌ను ఎప్పుడూ ప్రేమించాను, ఇప్పటికీ ప్రేమిస్తున్నాను అని ఆడమ్స్ అన్నాడు. ఆ మాట జెఫర్సన్ చెవిన పడ్డాకే రష్ ప్రయత్నం ఫలించింది. అదే కోల్స్ 1814లో జెఫర్సన్‌కు ఉత్తరం రాసి, బానిస విముక్తికి మీరు నాయకత్వం వహించండని వేడుకున్నాడు. ఇది పడుచువాళ్ళు చేయవలసిన పని అని జెఫర్సన్ ఆగస్టు 25న జవాబిచ్చాడు. కోల్స్ 1819లో ఇల్లినాయికి వలసపోతూ, ఒహాయో నదిలో పడవల మీద తన వెంట ఉన్న బానిసలకు స్వేచ్ఛ ప్రకటించాడు, తరువాత ఆ రాష్ట్రానికి గవర్నరై అక్కడ బానిసత్వం రాకుండా పోరాడాడు. అతనూ ఆ కాలపువాడే, అదే వర్జీనియావాడే.

తెల్లకాగితం:
కోల్స్ గొప్పవాడు, కాదనను. అయితే జెఫర్సన్ ఆ ఉత్తరాన్ని చించి పారేయలేదు, సిద్ధాంతరీత్యా కోల్స్‌తో ఏకీభవిస్తూనే తన వయసును, అశక్తతను చెప్పుకున్నాడు. పైగా అది ఆడమ్స్‌తో సయోధ్యకు సంబంధించిన విషయం కాదు.

పాతటపా:
సంబంధం ఉంది. ఏ ఉత్తరానికి ఎంత వివరంగా జవాబు రాయాలో జెఫర్సన్‌కు బాగా తెలుసు, ఎంతవరకు రాసి ఎక్కడ ఆపాలో అంతకంటే బాగా తెలుసు. ప్రీస్ట్లీ విషయంలో ఆడమ్స్‌కు ఇచ్చిందీ, బానిసల విషయంలో కోల్స్‌కు ఇచ్చిందీ ఒకే రకం జవాబు. మీరన్నది న్యాయమే, కాని నన్ను లాగకండి అన్నదే రెండింటి సారం. మిస్సోరి విషయంలో ఆడమ్స్ తప్పు గురించి కరీంనగరీ గారితో నాకు పేచీ లేదు, దాని మీద వేరే చర్చ తెరిస్తే అక్కడికీ వస్తాను.