నిమ్మకాయ ‘రక్తం’ ముదురు ఎరుపుగా రావాలంటే ఏం చేయాలి?

ఫిబ్రవరి 28న, జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు, సికింద్రాబాద్‌లోని మా కాలనీ పిల్లలకు నిమ్మకాయలో ‘రక్తం’ రప్పించే దొంగబాబాల కిటుకు విప్పి చూపాలనుకుంటున్నాను. మొదట కత్తికి పసుపు, సున్నం కలిపి పూశాను. పూత ఎర్రగానే ఉంది కానీ నిమ్మరసం తగలగానే మళ్లీ పసుపురంగుకు తిరిగింది. ఆమ్లం తగిలితే అంతే. తర్వాత, ఆమ్లం తగిలితే ఎర్రబడే మిథైల్ ఆరెంజ్ అనే రసాయనపు 0.1 శాతం ద్రావణం కత్తికి పూసి, గంటసేపు ఆరబెట్టి నాలుగు కాయలు కోశాను. లేత గులాబీ చారలే వచ్చాయి, వెనక వరుసలోని పిల్లలకు కనిపించవు. వాళ్లు కళ్లారా చూసి, ‘ఎందుకు?’ అని అడగాలన్నదే నా ఆరాటం. (కోసిన కాయలు ఎవరూ నోట పెట్టకుండా పారేస్తాను.) ఈ ప్రదర్శన చేసినవారు చెప్పండి: ద్రావణం గాఢత పెంచాలా, పూతలు పెంచాలా?