డెండ్రిటిక్ కణం: ఊడల కణమా, చాటింపు కణమా, కొమ్మల కణమా?

నల్లగొండ నుంచి ప్రశ్న:

ఇంటర్మీడియట్ విద్యార్థులకు జంతుశాస్త్రం తెలుగు మాధ్యమంలో బోధిస్తున్నాను. రోగనిరోధక వ్యవస్థ పాఠంలో డెండ్రిటిక్ కణం అనగానే పిల్లలకు నాడీకణంలోని డెండ్రైట్లు (కొమ్మల వంటి పోగులు) గుర్తుకు వచ్చి, ఇదీ నాడులకు సంబంధించినదే అనుకుంటున్నారు. ఈ అయోమయానికి తావివ్వని తెలుగు మాట కావాలి. మిత్రులొకరు ‘ఊడల కణం’ అన్నారు, మరొకరు ‘చాటింపు కణం’ అన్నారు. దయచేసి మీ అభిప్రాయం తెలుపగలరు.

మహబూబ్‌నగర్ నుంచి జవాబు:

అయ్యా, మీ పిల్లలు పడిన పొరపాటు ఈ కణాన్ని మొదట చూసిన మనిషికే జరిగింది. 1868లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్య విద్యార్థి చర్మానికి గోల్డ్ క్లోరైడ్ పట్టించి, సూక్ష్మదర్శినిలో కొమ్మలు చాచిన కణాలను చూసి, అవి నాడీకణాలేనని భావించాడు. కాబట్టి వారిని మందలించవలసిన పని లేదు; ఆ సంగతే పాఠంలో చెబితే తేడా బాగా గుర్తుంటుంది.

ఇక పేరు సంగతి. 1970లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జాన్‌విల్ కోన్ ప్రయోగశాలలో చేరిన రాల్ఫ్ స్టైన్‌మన్, చిట్టెలుక ప్లీహం నుంచి తీసి గాజు మీద పరచిన కణాలలో, అప్పటికి తెలిసిన ఏ రకానికీ చెందని కొన్నింటిని గమనించారు. అవి కొమ్మల వంటి పోగులను అదేపనిగా చాస్తూ, ముడుచుకుంటూ, మళ్లీ చాస్తూ ఉండేవి. 1973లో కోన్‌తో కలిసి ఆ వివరాలు ప్రచురించినప్పుడు, చెట్టును సూచించే గ్రీకు మాట ‘డెండ్రాన్’ నుంచి ఈ పేరు పెట్టారు. వాటి పని ఏమిటో అప్పటికి తెలియదు. పేరు కేవలం రూపాన్ని బట్టి వచ్చింది. మన చర్చకు కీలకం ఇదే.

‘ఊడల కణం’ అన్న మాట చదవగానే నా మనసు పిల్లలమర్రికి పోయింది. ఆ చెట్టు నీడలో ఆడుకొని పెరిగినవాణ్ణి కనుక ఆ మాట మీద నాకు మమకారం ఉన్నది. అయినా ఒప్పుకోలేను. మర్రి ఊడ పైనుంచి దిగి, నేల తాకి, వేరు పట్టి, చివరికి తానే ఒక మాను అవుతుంది; ఒకసారి పాతుకున్నాక కదలదు. ఈ కణం స్వభావం అందుకు పూర్తిగా విరుద్ధం. చర్మంలో సూక్ష్మజీవి ముక్కను పట్టుకొని, అక్కడి నుంచి బయలుదేరి లింఫు కణుపుకు చేరి, ఆ ముక్కను టి కణానికి, అంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణానికి, చూపిస్తుంది. కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కట్టిందని మన ఊళ్ళలో అంటారే, ఆ బిళ్ళ అటువంటి కణుపు ఉబ్బడమే. ఇంతగా ప్రయాణం చేసే దానికి ఊడ పేరు నప్పదు.

‘చాటింపు కణం’ వినసొంపుగా ఉన్నది, కానీ అది పనిని బట్టి పెట్టే పేరు. ప్రతిజనకాన్ని, అంటే సూక్ష్మజీవి ముక్క వంటిదాన్ని, టి కణాలకు చూపించే పని మాక్రోఫేజ్‌లు, బి కణాలు అనే ఇతర రోగనిరోధక కణాలూ చేస్తాయి. టి కణాలను మేల్కొల్పడంలో డెండ్రిటిక్ కణాలు తక్కినవాటి కన్నా కనీసం వంద రెట్లు సమర్థమైనవని 1978లో స్టైన్‌మన్ చూపినా, పని ఒక్కటే కనుక ‘చాటింపు’ అన్న మాటను ఈ పని చేసే కణాల మొత్తం కుటుంబానికి ఉంచుకోవడం మేలు. పైగా సొంత శరీర భాగాల మీద దాడి చేయకుండా టి కణాలను అదుపులో ఉంచడంలోనూ వీటికి పాత్ర ఉన్నదని తర్వాత ఆయన బృందమే నిరూపించింది. చాటింపు అన్న మాటలో ఆ సగం ఇమడదు.

‘ద్రుమాకార కణం’ వంటి సమాసాలు పిల్లల నోట తిరగవు. అందువల్ల ‘కొమ్మల కణం’ అనడమే నాకు సబబుగా తోస్తున్నది. కొమ్మలు చాచడం మన వాడుకలో ఉన్న మాటే, అర్థం గ్రీకు మూలానికి దగ్గరగా ఉన్నది, డెండ్రైట్ అన్న శబ్దం వినపడదు కనుక నాడుల ఊసు రాదు. పరీక్షల కోసం మొదటిసారి రాసినప్పుడు పక్కన డెండ్రిటిక్ సెల్ అని కూడా రాయించండి.

నల్లగొండ నుంచి మళ్లీ:

కృతజ్ఞతలు. 2011 అక్టోబర్ 3న స్టైన్‌మన్‌కు నోబెల్ ప్రకటించే నాటికి ఆయన కన్నుమూసి మూడు రోజులైందని, ఆ సంగతి కమిటీకి తెలియదని, అయినా బహుమతిని అలాగే నిలిపారని పిల్లలకు చెబుతుంటాను. రేపటి పాఠంలో ఆయన పేరు పక్కన ‘కొమ్మల కణం’ అనే రాస్తాను.