రెండున్నర ఎకరాలతో కరెంటు తీగ లేకుండా బతకగలమా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

కదిరి దారి:
అందరికీ నమస్కారం. హైదరాబాదులో పదకొండేళ్ళుగా చేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయిన నెలలో ఊడింది. ఇంట్లో నలుగురం. పిల్లలకు ఎనిమిదేళ్ళు, ఐదేళ్ళు. కదిరి దగ్గర తాతగారి మెట్ట పొలం రెండున్నర ఎకరాలు, ఒక పాత మిద్దె, నీళ్ళున్న బోరు ఉన్నాయి. అప్పుల్లేవు. దాచుకున్న డబ్బు రెండేళ్ళు వస్తుంది. ఇంకో ఉద్యోగం వెతుక్కుని మళ్ళీ ఎప్పుడు పొమ్మంటారోనని బిక్కుబిక్కుమంటూ బతకాలని లేదు. కరెంటు, గ్యాసు బండ, కిరాణా కొట్టు వీటి మీద ఆధారపడకుండా ఉండాలని కోరిక. చేసి చూసినవాళ్ళు లెక్కలతో చెప్పండి. పల్లె గాలి బాగుంటుందని నాకూ తెలుసు.

ఎర్రనేల:
అనంతపురం జిల్లాలో ఐదేళ్ళుగా ఉంటున్నాను. ఇంటికి 1 కిలోవాటు సోలార్ ప్యానెళ్ళు, నాలుగు 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలు పెట్టుకున్నాను. మంచి ఎండ ఉంటే రోజుకు 4 యూనిట్లు వస్తాయి. మూడు ఫ్యాన్లు, లైట్లు, చిన్న ఫ్రిజ్, లాప్‌టాప్ కలిపి మూడు యూనిట్ల లోపే. ముసురు పట్టిందంటే మాత్రం రెండో రోజుకే ఫ్రిజ్ ఆపాలి. బ్యాటరీలు నిండితే 7 యూనిట్లు ఉంటాయి, కానీ సగానికి మించి వాడితే వాటి ఆయుష్షు తగ్గుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోయడం మరిచిపోయి నాలుగో ఏటే రెండింటిని చంపుకున్నాను. తప్పు నాదే.

అసలు సంగతి బోరు. 5 హెచ్‌పీ మోటారు 3.7 కిలోవాట్ల దాకా లాగుతుంది. ఇంటి ప్యానెళ్ళు దాన్ని కదిలించలేవు. తీగ తెంచుకుంటే పొలానికి వచ్చే ఉచిత కరెంటునూ వదులుకోవాలి. అందుకే నేను ఇంటికి తీగ తీసేసి, పొలానికి ఉంచుకున్నాను. ఆదర్శం సగమే నిలబడింది, పంట మాత్రం నిలబడింది.

గోబర్ గ్యాస్ సంగతి కూడా వినండి. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజూ 50 కిలోల పేడ కావాలి. నాకున్నవి రెండు నాటు ఆవులు, పైగా పగలంతా మేతకు వెళతాయి. కొట్టంలో పొద్దున దొరికేది ఒక తట్టెడు. డిసెంబరులో చలికి గ్యాసు మరీ తగ్గి, టీ మరిగేలోపు మంట ఆరిపోయేది. బండ కనెక్షన్ రద్దు చేసుకోనందుకు ఆ నెలంతా దేవుడికి దండం పెట్టుకున్నాను.

డాలస్ చలి:
మాది పల్లె అనుభవం కాదు, కానీ పనికివచ్చే ముక్క ఒకటి ఉంది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుఫానుకు కరెంటు పోయింది. మా ఇంటి కప్పు మీద సోలార్ ఉంది, బ్యాటరీ లేదు. బయట ఎండ కాస్తున్నా ఇంట్లో చీకటే. తీగకు కలిపిన ఇన్వర్టరు, తీగలో కరెంటు లేకపోతే తనంతట తనే ఆగిపోతుంది. లైను మీద పనిచేసేవాళ్ళకు షాకు కొట్టకుండా ఆ ఏర్పాటు. ఇండియాలో ఇంటి కప్పు సోలారుకు సబ్సిడీ ఇచ్చే సూర్యఘర్ పథకం కింద పెట్టించుకునేవాళ్ళు కూడా ఇది అడిగి తెలుసుకోవాలి.

ఎర్రనేల:
నిజమే. 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ అని చూసి చాలామంది ఆశపడతారు. అది తీగకు కలిపిన సోలారుకే. నాలాగా బ్యాటరీ మీద నడుపుకునేవాళ్ళకు రాదు.

రోకలిపోటు:
ఇంతవరకు అందరూ కరెంటు గురించే రాశారు. వంటింటి సంగతి నేను రాస్తాను. మా ఆయన "కరెంటు లేని ఇల్లు" అన్నప్పుడల్లా నాకు "మిక్సీ లేని ఇల్లు" అని వినపడుతుంది.

మొదటి ఏడు 40 సెంట్లలో కొర్ర వేశాము. 90 రోజులకు రెండు బస్తాల పైచిలుకు చేతికి వచ్చింది. బస్తాల పక్కన నిలబడి ఫోటో దిగాము. ఆ తర్వాత తెలిసింది, కొర్ర గింజకు పొట్టు ఒక పట్టాన ఊడదని. రాగులు, జొన్నలు, సజ్జలు అయితే నేరుగా పిండి పట్టించుకోవచ్చు. కొర్రలు, సామలు, అరికలు అలా కాదు. ఎండబెట్టి, రోట్లో పోసి దంచి, చేటలో చెరిగి, పొట్టు ఊడని గింజలు మళ్ళీ రోట్లో పోసి దంచాలి. కిలో కొర్ర బియ్యానికి నాకు దగ్గర దగ్గర రెండు గంటలు పట్టేది. చెరిగేటప్పుడు గాలి తిరిగిందంటే పొట్టంతా కళ్ళలోకే. నెల తిరిగేసరికి అరచేతులు కాయలు కాచాయి. ఆయన మాత్రం వచ్చినవాళ్ళందరికీ కొర్రన్నం గొప్పగా వడ్డించేవారు. ఇప్పుడు మండల కేంద్రంలో పొట్టు తీసే మర పెట్టారు. అదీ కరెంటుతోనే నడుస్తుంది, నాకేమీ బాధ లేదు.

కందులు మాత్రం గెలిపించాయి. మా అత్తగారు నేర్పినట్టు ఎర్రమట్టి పట్టించి, గలగలలాడేదాకా ఎండబెట్టి, కుండల్లో పోసి పైన వేపాకు కప్పి పెడితే మళ్ళీ పంట వచ్చేదాకా పుచ్చలేదు. పప్పు కొనక మూడేళ్ళయింది.

కోళ్ళు పెంచుతామంటే ముందు టీకా వేయించండి. కొక్కెర తెగులుకు ఒక్క వారంలో 30 నాటు కోళ్ళలో 22 పోయాయి. ఇంకొకటి, ఇంట్లో ఆవు ఉంటే ఇద్దరూ కలిసి ఒక పెళ్ళికి వెళ్ళలేరు. మా చెల్లెలి పెళ్ళికి నేను ఒక్కదాన్నే వెళ్ళాను.

స్కూలు ఫీజులు కాక మాకు ఇప్పటికీ నెలకు 9 వేలు నగదు కావాలి. ఉప్పు, టీ పొడి, సబ్బులు, ఫోను, పెట్రోలు, మందులు. కదిరి దారి గారూ, మీ ఇంట్లో ఆవిడ ఏమంటున్నారో మీ పోస్టులో ఎక్కడా లేదు.

తాతగారి పలక:
నాకు 71 ఏళ్ళు. మా ఊరికి కరెంటు వచ్చేనాటికి నేను హైస్కూల్లో ఉన్నాను. అప్పుడు అంగట్లో కొనేవి ఉప్పు, కిరసనాయిలు, బట్టలు, అంతే. అలాగని ప్రతి ఇల్లూ అన్నీ తానే చేసుకునేది కాదు. నాగలి వడ్రంగి చెక్కేవాడు, కొడవలి కమ్మరి సాగదీసేవాడు, కుండ కుమ్మరి ఇంటి నుంచి వచ్చేది. కళ్ళంలో వాళ్ళకు మేర కొలిచేవాళ్ళం. ఆ కొలతలో న్యాయం ఎంత ఉండేదో అది వేరే కథ. తెల్లవారుజామున తిరగలి చప్పుడు వింటూ నిద్రపోయిన సుఖం నాది, తిప్పిన చెయ్యి అమ్మది. రోకలిపోటు గారు రాసింది చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

కదిరి గారూ, గానుగ ఎక్కడుంది, ట్రాక్టరు ఎవరిది, రాత్రివేళ పాము కరిస్తే ఆస్పత్రికి ఎవరి బండి వస్తుంది, ముందు ఇవి ఊళ్ళో తిరిగి కనుక్కోండి.

పాతపంట:
జహీరాబాద్ వైపు నుంచి. విత్తనం కోసం ఒకసారి ఇటు రండి. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల మహిళలు 1980ల నుంచి మెట్ట భూముల్లో ఒకే చేనులో జొన్న, కంది, పెసర, అనుము కలిపి వేస్తున్నారు. ఒకటి పోతే ఇంకొకటి నిలుస్తుంది. విత్తనాలు బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాస్తారు. తీసుకున్నవాళ్ళు పంట వచ్చాక ఎక్కువ కొలిచి తిరిగి ఇస్తారు. మీకు దగ్గరగా చెన్నేకొత్తపల్లిలో టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది. 1990లో బీడు పడిన 32 ఎకరాలతో మొదలుపెట్టారు. ఒక పూట వెళ్ళి చూసి రండి.

మా దగ్గర అడవి పందుల గోల ఎక్కువ. వేరుశనగ వేస్తే రాత్రంతా కాపలా కాయాల్సిందే.

కదిరి దారి:
అందరికీ ధన్యవాదాలు. రోకలిపోటు గారూ, మీ పోస్టు మా ఆవిడకు చూపించాను. రెండుసార్లు చదివి, "మిక్సీ ఉంటుంది, తీగ ఉంటుంది, మిగతావి మాట్లాడుకుందాం" అంది. కాబట్టి తీగ ఉంటుంది. ఈ ఖరీఫ్‌కు ఎకరం కంది, అంచున జొన్న వేసి చూస్తాము. పిల్లలను జూన్ దాకా ఇక్కడి బడి నుంచి కదపము.

కొత్త చిక్కు ఒకటి వచ్చింది. బోరు నీళ్ళు పరీక్ష చేయిస్తే ఫ్లోరైడు లీటరుకు 2.3 మిల్లీగ్రాములు ఉంది. వాన నీళ్ళు పట్టుకుని తాగవచ్చా?

ఎర్రనేల:
1.5 దాటితే తాగకూడదు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. వాన నీళ్ళే మేలు. చదరపు మీటరు కప్పు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు. మన వైపు ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. 50 చదరపు మీటర్ల కప్పు మీద వృథా పోను 20 వేల లీటర్లు పట్టుకోవచ్చు. నలుగురికి తాగడానికి, వంటకు రోజుకు 20 లీటర్ల చొప్పున ఏడాదికి 7,300 చాలు. 10 వేల లీటర్ల సంపు కట్టించండి. తొలి వానల నీళ్ళు బయటికి వదిలేయాలి. సంపులోకి వెలుతురు పడకూడదు. తాగే నీళ్ళు కాచుకోండి.

కదిరి దారి:
సంపు కోసం మేస్త్రీతో మాట్లాడాను. మాది చవుడు పోసిన మట్టి మిద్దె. ఆ కప్పు నీళ్ళు పనికివస్తాయా?

ఎర్రనేల:
మట్టి మిద్దె నీళ్ళు వద్దు, మడ్డిగా వస్తాయి. పశువుల కొట్టానికి ఎలాగూ కొత్త రేకులు వేస్తారు కదా, ఆ రేకుల నీళ్ళు పట్టండి. పైన చెట్టు కొమ్మలు ఉంటే కొట్టించండి, లేకపోతే కాకుల రెట్టలన్నీ సంపులోకే. కొట్టం పొడవు, వెడల్పు ఎంతో చెప్పండి, గొట్టం ఎంత లావుది కావాలో చూద్దాం.